రేస్ పట్టేస్తే నేరం ఎవరిది?

కారు డివైడర్ ఎక్కినా, చెట్టును గుద్దినా, ఆగి ఉన్న లారీ కిందికి దూసుకెళ్లినా ప్రమాద వార్త వెంట ఒక మాట తప్పకుండా వస్తుంది: ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడపడం వల్ల’. జనగామ మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి మీదైనా, కరీంనగర్-వరంగల్ దారిలోనైనా, తాడ్వాయి అడవి మలుపుల్లోనైనా ఆ మాట మారదు. చాలాసార్లు అదే నిజం కావచ్చు కూడా. తాగి స్టీరింగ్ పట్టేవాళ్లు, తెల్లవారుజామున కునికిపాట్లు పడుతూ నడిపేవాళ్లు, ఒక చేత్తో ఫోన్ చూసేవాళ్లు మన రోడ్ల మీద తక్కువేం లేరు. మా అభ్యంతరమల్లా ఆ నిర్ధారణకు వచ్చే తీరు మీద. బండిని విప్పి చూడకముందే, దాని కంప్యూటర్‌లో ఏం నమోదైందో చదవకముందే తప్పెవరిదో కాగితం మీదికి ఎక్కిపోతోంది.

ప్రాణాలతో బయటపడ్డవాళ్లు కొన్నిసార్లు వేరే మాట చెబుతారు. ‘కాలు తీసేసినా రేస్ (యాక్సిలరేటర్) తగ్గలేదు’, ‘ఓవర్‌టేక్ చేస్తుంటే ఇంజిన్ ఆఫ్ అయింది, స్టీరింగ్ బిగుసుకుపోయింది’ అంటారు. స్టేషన్‌లో అది సాకు. ఆస్పత్రిలో షాక్‌లో అన్న మాట. బంధువుల దగ్గర ‘పాపం, ఏదో చెప్పుకుంటున్నాడు’. మనిషి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడగల కేసు ఇది. సొంత కారులో భార్యనో బిడ్డనో పోగొట్టుకున్న మనిషే ముద్దాయిగా నిలబడాల్సి వచ్చే కేసు కూడా. అలాంటప్పుడు బండిని పరీక్షించకుండా వదిలేయడం దర్యాప్తు ఎలా అవుతుంది?

పాత కార్లలో రేస్ పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఒక కేబుల్ ఉండేది. దాని పోగులు విడిపోయి తొడుగులో ఇరుక్కుంటే రేస్ పట్టేసేది. షెడ్డు మెకానిక్ బానెట్ ఎత్తి, చేత్తో లాగి చూసి సంగతి చెప్పేసేవాడు. ఇప్పటి బండ్లలో ఆ కేబుల్ లేదు. కాలు ఎంత నొక్కిందో పెడల్ దగ్గరున్న రెండు సెన్సర్లు వోల్టేజీ రూపంలో కంప్యూటర్‌కు చేరవేస్తాయి. పెట్రోల్ బండిలో కంప్యూటర్ ఆజ్ఞ ప్రకారం ఓ చిన్న మోటారు, ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలోని గుండ్రటి రేకును తెరుస్తుంది, మూస్తుంది. రెండు సెన్సర్ల లెక్క పొసగకపోతే కంప్యూటర్ అనుమానపడి బండి బలాన్ని కుదించేస్తుంది. దాన్ని లింప్ మోడ్ అంటారు. ప్రమాదం తప్పించడానికి పెట్టిన ఏర్పాటే అది. కానీ ఎదురుగా బస్సు వస్తుండగా లారీని దాటుతున్న కారులో పికప్ హఠాత్తుగా పడిపోతే ఆ ఏర్పాటే ప్రాణం మీదికి తెస్తుంది. రేకు అంచున మసి పేరుకున్నా, ట్యాంకులోని ఫ్యూయల్ పంపు జామైనా ఇంజిన్ ఆగిపోవచ్చు. ఇవేవీ బయటికి కనిపించే లోపాలు కావు. గుద్దుకున్న తర్వాత నుజ్జయిన బానెట్ చూసి కనిపెట్టగలిగేవి అసలే కావు.

మన వరంగల్ ప్రాంతంలో వీటికి వరద కూడా తోడైంది. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తిన వానలే వరంగల్, హనుమకొండ కాలనీల్లో కార్లను నీళ్లలో నిలబెట్టాయి. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను మళ్లీ అదే చూపించింది. పెడల్ సెన్సర్ ఉండేది డ్రైవర్ పాదాల దగ్గర. కారులోకి నీళ్లొస్తే ముందు తడిసేది ఆ చోటే. సీట్లు ఎండబెట్టి, కార్పెట్ మార్చి, సెంటు కొట్టి అమ్మేస్తే కొన్నవాడికి ఏం తెలుస్తుంది? కనెక్టర్ లోపల రాగి పిన్నులకు మెల్లగా చిలుము పడుతుంది. నెలలు గడిచాక ఎప్పుడో ఒకసారి, గతుకుల మీద మాత్రమే, పికప్ పోతుంది. బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మెకానిక్ ముందు నిలబెడితే అసలే మొరాయించదు. పొలాలను ప్లాట్లు చేసిన కొత్త కాలనీల్లో ఎలుకలు వైరింగ్ కొరికేయడం మరో తలనొప్పి. ఇక కంపెనీ మ్యాట్ మీద బజారు మ్యాట్, దాని మీద పాత పేపరు పరిచే అలవాటు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ మూడు పొరలూ కలిసి ముందుకు జారితే, కిందికి నొక్కిన పెడల్ తిరిగి పైకి రాదు.

మ్యాట్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్‌డియాగో దగ్గర ఒక లెక్సస్ కారు ఆపడానికి వీల్లేని వేగంతో దూసుకుపోయి అందులోని నలుగురూ చనిపోయారు. వేరే మోడల్‌కు చెందిన మందపాటి మ్యాట్ వేయడం వల్ల పెడల్ దాని అంచుకు చిక్కుకుందని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత టొయోటా లక్షల కార్లను వెనక్కి పిలిచింది. మ్యాట్‌లతో పాటు, పైకి లేవకుండా పట్టేసే పెడళ్లు కూడా బయటపడ్డాయి. ఎలక్ట్రానిక్స్‌లో తప్పుందా అని నాసా ఇంజినీర్ల చేత నెలల తరబడి పరీక్షింపజేస్తే, అలాంటి ఆధారం దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. బ్రేకు అనుకుని రేస్ తొక్కేసిన సందర్భాలు కూడా ఉన్నాయని అక్కడి అధికారులు చెప్పారు. కాబట్టి బండి తనంతట తానే పరుగెత్తిందన్న ప్రతి ఫిర్యాదూ నిజమని మేము అనడం లేదు. నిజమో కాదో తేల్చడానికి అక్కడ నాసా దాకా వెళ్లారు, ఇక్కడ సర్వీస్ సెంటర్ దాకా కూడా వెళ్లడం లేదు. తేడా అంతా అక్కడే ఉంది. వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు అదే టొయోటా 2014లో అక్కడి ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఇంతకంటే ఘోరమైనది జనరల్ మోటార్స్ కథ. ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, నడుస్తున్న కారులో తాళం తనంతట తానే జారి ఇంజిన్ ఆగిపోయేది. ఇంజిన్‌తో పాటు ఎయిర్‌బ్యాగులకూ కరెంటు పోయేది. ఏళ్ల తరబడి ఆ ప్రమాదాల్లో డ్రైవర్లకే తప్పు అంటగట్టారు. కంపెనీ మధ్యలో స్విచ్‌ను మార్చింది గానీ పార్ట్ నంబర్ మార్చలేదు. చనిపోయిన ఒక యువతి తల్లిదండ్రుల తరఫున పనిచేసిన ఇంజినీరు పాత స్విచ్, కొత్త స్విచ్ రెండూ పక్కపక్కన విప్పి చూస్తే తప్ప గుట్టు బయటపడలేదు. 2014లో కంపెనీ 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. ఆ లోపం వల్ల పోయిన ప్రాణాలు 124 అని పరిహార నిధి లెక్కగట్టింది. ఎవరో ఒకరు ఆ చిన్న వస్తువును విప్పి చూడకపోయి ఉంటే ఆ చావులన్నీ ‘అజాగ్రత్త’ ఖాతాలోనే ఉండిపోయేవి.

మన దగ్గర చట్టం లేక కాదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఏ సెక్షన్ లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని కంపెనీలను ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలూ అమల్లోకి వచ్చాయి. బండి రకాన్ని, సంఖ్యను బట్టి రూ.10 లక్షల నుంచి రూ.కోటి దాకా జరిమానా ఉంది. ఏడేళ్ల లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. యజమానులు ఫిర్యాదు చేయడానికి కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో పోర్టల్ ఉంది. అయితే అమ్మకాలను బట్టి ఇన్ని ఫిర్యాదులు వస్తేనే కదలిక అన్న లెక్క పెట్టారు. ఇక్కడే తిరకాసు. పర్కాలలోనో నర్సంపేటలోనో కారున్న మనిషికి ఆ పోర్టల్ ఉందన్న సంగతే తెలియకపోతే లెక్క ఎప్పటికి పూర్తవుతుంది? అతను వెళ్లేది సర్వీస్ సెంటర్‌కు. అక్కడ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ (లోపం ఏమిటో కారు కంప్యూటర్ నమోదు చేసే గుర్తు) చూస్తారు, క్లియర్ చేస్తారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేసి బిల్లు వేస్తారు. అతను ‘హైవే మీద ఇంజిన్ ఆగిపోయింది’ అని చెప్పినా జాబ్ కార్డ్‌లో ‘పికప్ తక్కువ, జనరల్ చెకప్’ అని పడుతుంది. అలా ఆధారం కాస్తా అక్కడే చెరిగిపోతుంది.

కంపెనీలు తమంతట తాము పిలిచిన సందర్భాలూ ఉన్నాయి, కాదనం. ఫ్యూయల్ పంపు లోపం వల్ల 2020 జులైలో మారుతి సుజుకి 1,34,885 వ్యాగన్‌ఆర్, బాలెనో కార్లను, అంతకు నెల ముందు హోండా 65,651 కార్లను వెనక్కి పిలిచాయి. 2024 మార్చిలో మారుతి మరో 16 వేల బాలెనో, వ్యాగన్‌ఆర్ కార్లను పిలుస్తూ, పంపు మోటారు లోపంతో ఇంజిన్ ఆగిపోయే అవకాశం ఉందని స్వయంగా చెప్పింది. ఇవి సామాన్య కుటుంబాల కార్లు. ఆదివారం భద్రకాళి గుడికి, సెలవుల్లో లక్నవరానికి, రెండేళ్లకోసారి మేడారానికి పిల్లల్ని కుక్కుకుని వెళ్లే కార్లు. అవి ఇవాళ ఎవరి చేతుల్లో ఉన్నాయి? కంపెనీ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు పోతుంది. బండి హైదరాబాద్‌లో ఒకరి నుంచి, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ మీదుగా, ఇక్కడ ఇంకొకరి చేతికి వచ్చి ఉంటుంది. ఆర్‌సీ మార్చుకోవడం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిపేవాళ్లకు కొదవ లేదు. ఆ ఉత్తరం వీళ్లకు ఏ దారిన చేరాలి?

ప్రమాదం జరిగాక కథ ఇంకా త్వరగా ముగుస్తుంది. మోటారు వాహన తనిఖీ అధికారి వచ్చి బ్రేకు, స్టీరింగ్, టైర్లు చూసి నివేదిక ఇస్తారు. తర్వాత బీమా సర్వేయర్, ఆ తర్వాత తుక్కు వ్యాపారి. కారుతో పాటు దాని కంప్యూటర్ కూడా తుక్కులోకే. ప్రమాదానికి ముందు ఏ కోడ్ పడింది, పెడల్ ఎంత నొక్కి ఉంది అన్న సమాచారం కొన్ని కార్లలో ఉన్నా చదివేవాళ్లు ఉండరు. వినియోగదారుల రక్షణ చట్టం-2019లో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. మనం నివాసముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రూ.5 లక్షల నుంచి 10 లక్షల మధ్య కొన్న బండికి రుసుము రూ.200 మాత్రమే, రెండేళ్ల లోపు వేయాలి. వస్తువును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించే అధికారమూ కమిషన్‌కు ఉంది. కానీ తుక్కయిపోయిన కారును ఏ ల్యాబ్‌కు పంపుతారు? పోలీసులు విడిచిపెట్టే ముందే ‘కంప్యూటర్ భద్రపరచండి’ అని కుటుంబం రాతపూర్వకంగా అడగడం ఒక్కటే ప్రస్తుతానికి దారి. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ ఆలోచన రాదు. బీమా ఏజెంటో, లాయరో, ఊరి పెద్దో గుర్తు చేయాలి.

రోడ్డు మీద ఆ క్షణం వస్తే ఏం చేయాలన్నది లైసెన్సు పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి. రేస్ పట్టేస్తే బ్రేకును ఒకేసారి బలంగా నొక్కి పట్టాలి, పంపు కొట్టినట్టు కొట్టకూడదు. రేస్ పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లతో అయిపోతుంది. వెంటనే న్యూట్రల్ చేయాలి, ఆటోమేటిక్ అయితే ‘ఎన్’లో వేయాలి. ఇంజిన్ అరిచినా ఫర్వాలేదు. తాళం పూర్తిగా తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, కాబట్టి బండి ఆగేదాకా లాగకూడదు. బటన్ స్టార్ట్ బండ్లలో ఒక్క నొక్కుడుకు చాలావరకు ఆగదు, కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. నడుస్తూ నడుస్తూ ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది తప్ప తిరుగుతుంది, ఒకటి రెండుసార్లు బ్రేకూ పడుతుంది. ఆ కాసేపట్లోనే ఎడమ పక్కకు తీసుకోవాలి. పాత డీజిల్ బండ్లలో టర్బో సీలు పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది. మాన్యువల్ గేరు బండైతే బ్రేకు తొక్కి పట్టి పై గేరులో క్లచ్ వదిలి ఆపాలి. లేదంటే అందరూ దిగి దూరంగా జరగాలి.

ఇవి జనం చేయాల్సినవి. ప్రభుత్వం చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. ప్రాణనష్టం జరిగిన ప్రతి ప్రమాదంలో తనిఖీ నివేదికకు ఇంజిన్ కంప్యూటర్‌లోని కోడ్‌ల ముద్రిత ప్రతి జతచేయడం తప్పనిసరి చేయాలి. అనుమానం ఉన్న కేసులను పరీక్షించడానికి కాజీపేట దారిలో ఎన్‌ఐటీ ఉండనే ఉంది, అక్కడి మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాలతో రవాణా శాఖ ఒప్పందం చేసుకోవాలి. యజమాని చెప్పిన మాటను చెప్పినట్టే జాబ్ కార్డ్‌లో రాసి, ఎర్రర్ కోడ్‌ను బిల్లు మీద అచ్చు వేయాలని డీలర్లను ఆదేశించాలి. కేంద్రం రీకాల్ (బండ్లను వెనక్కి పిలవడం) పోర్టల్‌కు వచ్చే ఫిర్యాదులను మోడల్ వారీగా అందరికీ కనిపించేలా పెట్టాలి. అమెరికాలో ఎవరు ఏ కారు మీద ఏం ఫిర్యాదు చేశారో ఎవరైనా చదువుకోవచ్చు. సొంత కారు ఆర్టీఏ ఆఫీసు ముందుకు సాధారణంగా వచ్చేది పదిహేనేళ్లు నిండాక, మధ్యలో చేతులు మారితే బదిలీకి. ఆ బదిలీ రోజున చాసిస్ నంబర్ కొట్టి, చేయించుకోని రీకాల్ ఏదైనా మిగిలి ఉంటే అది పూర్తయ్యేదాకా కొత్త పేరు మీద ఆర్‌సీ ఇవ్వకూడదు.