ఫొటోలోది తెల్లమద్ది
ప్రాణహిత ఒడ్డు చెట్ల మీద వ్యాసం బాగుందండీ. కానీ ఫొటో కింద నల్లమద్ది అని వేశారు, అది తెల్లమద్ది. మాది ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచ, ఇక్కడ వాగు గట్ల మీద ఎక్కువగా ఇదే. బెరడు చూడండి, నున్నగా, బూడిద తెలుపులో ఉండి పెచ్చులుగా ఊడుతుంది. నల్లమద్దికైతే మొసలి వీపులా నల్లగా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. కాయకు రెండింటికీ అయిదు రెక్కలే, నల్లమద్దివి బాగా వెడల్పు. రెండింటి ఆకులూ దసలిపట్టు పురుగు తింటుంది, ఆ పురుగుల కోసం పిట్టలు మూగుతాయి. ముసలి చెట్ల తొర్రల్లో చిలకలు, గుడ్లగూబలు కాపురముంటాయి. వరదకు గట్టు కోసుకుపోకుండా పట్టుకునేదీ తెల్లమద్ది వేళ్లే. ఇసుక బండ్ల దారికోసం వీటిని నరికేస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. దయచేసి పేరు సరిచేయండి, పిల్లలు చూసి నేర్చుకుంటారు.