చిన్నాయనకు ఒక మారిషస్ అడ్రస్ ఇప్పించండి

జనవరి వచ్చిందంటే తెలంగాణకు రెండు పండగలు. ఒకటి సంక్రాంతి, రెండోది దావోస్. మొదటి పండక్కి జనం ఊళ్లకు పోతారు, రెండో పండక్కి ప్రభుత్వం ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సుకని స్విట్జర్లాండ్ పోతుంది. ఏ పార్టీ గద్దె మీదున్నా ఈ ఆనవాయితీ తప్పదు. మంచు కొండల నడుమ ఇద్దరు సూట్లు వేసుకొని ఫైళ్లు మార్చుకుంటూ ఫొటో దిగితే దాన్ని ఎంవోయూ అంటారు. 2024 జనవరిలో ఈ ఫొటోల విలువ 40 వేల కోట్ల రూపాయలు దాటింది. 2025 జనవరికి 1.78 లక్షల కోట్లయింది. ఏడాదిలో నాలుగింతలు! పాలమూరు పత్తి ఏ కాలంలోనూ ఇట్లా పండలేదు.

2025 ఒప్పందాల్లో కొన్ని హైదరాబాద్‌లోనే హెడ్డాఫీసున్న కంపెనీలవి. ప్రభుత్వం హైదరాబాద్‌దే, కంపెనీ హైదరాబాద్‌దే. ఆటో ఎక్కితే అయిపోయే పనికి ఇద్దరూ విమానం ఎక్కి, వేరే ఖండంలో దిగి, ఒకరినొకరు కొత్తగా చూసుకొని చేతులు కలిపారు. దీన్ని వెక్కిరించేవాళ్లకు ఆర్థికశాస్త్రం తెలియదు. ఎండాకాలం బేగంపేటలో ఇచ్చిన మాట ఆవిరైపోవచ్చు. మైనస్ డిగ్రీల చలిలో ఇచ్చిన మాట గడ్డకట్టి అట్లాగే ఉంటుంది. చాలా ఎంవోయూలు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

నా బాధల్లా మా చిన్నాయన గురించే. దేవరకద్ర దగ్గర ఆయనకు నాలుగెకరాల చెలక ఉంది. పత్తి, కంది వేస్తాడు. బోరు దయతలిస్తే రెండు మడుల వరి. అంతర్జాతీయ ద్రవ్యనిధి నిర్వచనం ప్రకారం, ఒక సంస్థలో 10 శాతమో ఆపైనో వాటా ఉండి, అందులో దీర్ఘకాలిక ఆసక్తి, నిర్వహణలో మాట చెల్లుబాటు ఉంటే అది ప్రత్యక్ష పెట్టుబడి. చిన్నాయనది నూటికి నూరు శాతం వాటా. దీర్ఘకాలిక ఆసక్తికి తాతల నాటి నుంచి సాక్ష్యాలున్నాయి. మాట చెల్లేది మాత్రం చిన్నమ్మది, ఆ సంగతి ద్రవ్యనిధికి చెప్పనక్కర్లేదు. అన్ని అర్హతలూ ఉన్నాయి, ‘విదేశీ’ అన్నదొక్కటే తక్కువ.

ఆ ఒక్కటి తక్కువైతే ఏమవుతుందో మొన్నటి యాసంగిలో చూశాం. ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. లైన్‌మన్ వచ్చి, కింద నిలబడి తలెత్తి చూసి, "కాలింది" అని చెప్పి పోయాడు. వాసన వచ్చినప్పుడే ఆ సంగతి రైతులకు తెలుసు. మోటరుకింత అని చందా వేసుకున్నారు. ట్రాక్టర్ వాళ్లదే, డీజిల్ వాళ్లదే, దాన్ని దింపి ఎక్కించిన రెక్కలూ వాళ్లవే. షెడ్డుకు తీసుకుపోతే అక్కడ ముందే చాలా ట్రాన్స్‌ఫార్మర్లు వరుసగా కూర్చొని ఉన్నాయి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో ఊరి పేరు. "నంబర్ ప్రకారం వస్తది పెద్దాయనా" అన్నారు. నంబర్ వచ్చేలోపు మడి నెర్రెలు బారింది.

ఇదే రాష్ట్రంలో 2014 నుంచి టీఎస్ ఐపాస్ అని ఒక చట్టం ఉంది. పెద్ద పరిశ్రమకైతే 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులన్నీ ఇచ్చేయాలి. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. ఇది మంచి చట్టం, వ్యంగ్యంగా అనడం లేదు. ఫ్యాక్టరీ పెడతానని వచ్చినవాడు చెప్పులరిగేలా ఎందుకు తిరగాలి? ఈ ముక్క చిన్నాయనకు చెప్పాను.

"వెయ్యా? ఒక్క దినానికా?"

"అవును చిన్నాయనా."

"మరి మన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎవలకు ఏసిండ్రు?"

"అది ఇండస్ట్రీకి. నీది వ్యవసాయం."

"ఇండస్ట్రీ అనే రాయిద్దాం తియ్. అడ్రసే కదరా మార్చాల్సింది."

ఆ మాటతో నాకు మారిషస్ గుర్తొచ్చింది.

మారిషస్ హిందూ మహాసముద్రంలో ఒక దీవి. ఒకప్పుడు మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి పోయింది అక్కడికే. జనాభా 12 లక్షల పైచిలుకు. 2011 లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఒక్కటే 40 లక్షలు. అంటే మూడు మారిషస్‌లు కలిపితే ఒక పాలమూరు. అయినా 2000 సంవత్సరం నుంచి లెక్కేస్తే మన దేశానికి వచ్చిన విదేశీ పెట్టుబడిలో దాదాపు నాలుగో వంతు ఆ దీవి నుంచే వచ్చింది. చెరకు పండించుకునే దీవికి అంత డబ్బు ఎక్కడిదని అడగడం మర్యాద కాదు. 1982లో రెండు దేశాలకూ పన్నుల ఒప్పందం కుదిరింది. అక్కడ నివాసమున్న కంపెనీ ఇక్కడి షేర్లు అమ్ముకుంటే, ఆ లాభం మీద పన్ను అక్కడే వేసుకోవాలి. అక్కడేమో ఆ పన్నే లేదు. మారిషస్ ప్రభుత్వం ఇచ్చే నివాస పత్రం ఒక్కటి చూపిస్తే చాలని 2000లో మన ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది, 2003లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మనవాళ్ల డబ్బే విమానం ఎక్కి పోయి, బీచ్‌లో నాలుగు రోజులు తిరిగి, సూటు తొడుక్కొని విదేశీయుడి వేషంలో వచ్చేదని గిట్టనివాళ్లు అంటారు. 2017 ఏప్రిల్ తర్వాత కొన్న షేర్లకు ఆ మినహాయింపు పోయింది. ఈ మధ్య సింగపూర్ ముందుకొచ్చింది. అదీ దీవే. పెట్టుబడికి, దీవులకు ఏం చుట్టరికమో ఎవరైనా పీహెచ్‌డీ చేయాలి.

ఈ విద్య మనదొక్కరిదే కాదు. ప్రపంచ విదేశీ పెట్టుబడిలో 40 శాతం దాకా, ఉద్యోగులూ లేని, యంత్రాలూ లేని, పేరుకు మాత్రమే ఉన్న కంపెనీల గుండా తిరుగుతోందని 2019లో ద్రవ్యనిధి ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆరు లక్షల జనం ఉన్న లక్సెంబర్గ్ లెక్కల్లో 4 లక్షల కోట్ల డాలర్ల పెట్టుబడి ఉందట. ఇల్లిల్లూ తవ్వినా అంత డబ్బు పెట్టే చోటుండదు.

అందుకని నా ప్రతిపాదన. చిన్నాయన నాలుగెకరాల మీద మారిషస్‌లో ఒక కంపెనీ రిజిస్టర్ చేయాలి. మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ‘విదేశీ మదుపరుల విశ్వాసానికి దెబ్బ’ అని పేపర్లో వస్తుంది. కలెక్టరేట్‌లో అత్యవసర సమీక్ష పెడతారు. లైన్‌మన్ ఈసారి పైకెక్కి చూస్తాడు. మా లాయర్ మిత్రుడు మాత్రం, విదేశీ కంపెనీ వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదని అడ్డం పడ్డాడు. పిచ్చివాడు. వ్యవసాయ భూమిని వ్యవసాయ భూమి కాకుండా చేయడం మనకు రాని విద్యా?

జడ్చర్ల పక్కన పోలేపల్లికి పోయి చూడండి. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం రైతుల భూములు తీసుకున్నారు. హైవే పక్క భూమికి ఎకరానికి ఇచ్చింది లక్షల్లో కాదు, వేలల్లో. రైతులు ధర్నాలు చేశారు, కోర్టులకు తిరిగారు, చివరికి ఎన్నికల్లో తామే అభ్యర్థులుగా నామినేషన్లు వేశారు. ఓడిపోయారు. కంపెనీలు వచ్చాయి, దేశానివీ విదేశాలవీ. అక్కడి మందులు సముద్రాలు దాటి పోతున్నాయి. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడితే ఒడియా, హిందీ వినిపిస్తాయి. తెలుగు కూడా వినిపిస్తుంది, సెక్యూరిటీ క్యాబిన్‌లో.

పెంజర్లది ఇంకో కథ. ఒక పెద్ద విదేశీ కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ కట్టింది. పదిహేను వందల ఉద్యోగాలన్నారు. కట్టడం పూర్తయి మూడేళ్లయినా తలుపులు తెరవలేదని 2016లో వార్తలొచ్చాయి. అదే ఏడాది అక్టోబర్‌లో జిల్లాలు విడదీస్తే పెంజర్ల మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డిలోకి పోయింది. ఫ్యాక్టరీ కదలకపోయినా ఊరు కదిలింది. దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు?

విదేశీ పెట్టుబడి అంటే నాకు పడదని అనుకోకండి. 1982లో సుజుకీ 26 శాతం వాటాతో మారుతిలోకి వచ్చినప్పుడు, విడిభాగాలు ఏటేటా ఎక్కువగా ఇక్కడే తయారు కావాలని ప్రభుత్వం పట్టుబట్టింది. ఆ పట్టుతోనే వందల చిన్న కంపెనీలు నట్లూ బోల్టుల నుంచి గేరుబాక్సుల దాకా నేర్చుకున్నాయి. దాన్ని ఎవరూ కాదనరు. దక్షిణ కొరియా అయితే విదేశీ కంపెనీలను చాలాకాలం గుమ్మం దగ్గరే నిలబెట్టి, అప్పు తెచ్చుకొని, టెక్నాలజీ కొనుక్కొని పైకొచ్చింది. ఇక ఆర్థికవేత్తలు బోరెన్‌స్టైన్, డి గ్రెగోరియో, లీ 69 వర్ధమాన దేశాల లెక్కలు తీసి 1998లో ఒక మాట చెప్పారు. విదేశీ పెట్టుబడి ఎదుగుదలకు సొంత పెట్టుబడికన్నా ఎక్కువ పనికొస్తుంది, కానీ ఆ దేశంలో జనానికి కొంత కనీస చదువు ఉంటేనే అని. మన పెద్దలు ఈ వాక్యాన్ని ‘కానీ’ దాకా చదివి దావోస్‌కు టికెట్లు తీశారు. 2011లో ఉమ్మడి పాలమూరు అక్షరాస్యత 55 శాతం. ‘కానీ’ తర్వాత ఉన్నది మా జిల్లా.

వెనెజులా ఫ్యాక్టరీల లెక్కలు చూసిన ఎయిట్‌కెన్, హారిసన్ 1999లో ఇంకా చేదు మాట చెప్పారు. విదేశీ వాటా పెరిగిన రంగంలో స్థానిక కంపెనీల ఉత్పాదకత తగ్గిందట. ఆ పేపర్ గురించి ఏ సదస్సులోనూ వినలేదు. వినకపోవడమే మంచిది, భోజనాల ముందు చెప్పే మాట కాదు.

ఇప్పుడు అసలు లెక్క. 2024-25లో దేశానికి 8,100 కోట్ల డాలర్ల విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి వచ్చింది. రికార్డు స్థాయికి దగ్గర, టీవీలన్నీ చప్పట్లు కొట్టాయి. అదే ఏడాది పాత మదుపరులు అమ్ముకొని పట్టుకుపోయింది 5,150 కోట్లు. మన కంపెనీలు బయటి దేశాల్లో పెట్టింది 2,900 కోట్ల పైన. రిజర్వు బ్యాంకు 2025 మేలో చెప్పిన ప్రకారం నికరంగా మిగిలింది 35 కోట్ల డాలర్లు. ఇది చెబితే చిన్నాయన బీడీ పక్కన పెట్టి, "చెరువుకు ఎన్ని నీళ్లొచ్చినయని గాదురా, అలుగు దుంకినంక ఎన్ని నిలిచినయో చూడాలె" అన్నాడు. ఆయనకేం తెలుసు? రిజర్వు బ్యాంకు దీన్ని పరిపక్వ మార్కెట్ లక్షణమని చెప్పింది. మదుపరులు సులువుగా రాగలరు, సులువుగా పోగలరు కాబట్టి.

సులువుగా పోగలగడమే పరిపక్వత అయితే పాలమూరు ఎప్పుడో పండి రాలిపోయింది. దసరా దాటితే తట్టా బుట్టా సర్దుకొని ముంబై బస్సెక్కడం మావాళ్లకు తరాల అలవాటు. దేశంలో సగం ఆనకట్టలకు మట్టి మోసింది పాలమూరు లేబరే అని పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు.

పోయినవాళ్లు పంపే డబ్బు సంగతీ చూద్దాం. 2024-25లో విదేశాల్లోని మనవాళ్లు ఇళ్లకు పంపింది సుమారు 13,500 కోట్ల డాలర్లు, ఆ 8,100 కోట్లకన్నా చాలా ఎక్కువ. ఎవరూ వెనక్కి పట్టుకుపోరు. వీళ్ల కోసం ఏ మంత్రీ మంచులో ఫొటో దిగలేదు. చిన్నాయన కొడుకు దుబాయ్‌లో వెల్డింగ్ పని చేస్తాడు. మొన్న వాడు పంపిన డబ్బు కోసం చిన్నాయనతో పాటు నేనూ పోయాను. కౌంటర్‌లో పిల్లగాడు ఆధార్ అడిగాడు, పాన్ అడిగాడు, పంపినతను ఏమవుతాడని అడిగాడు. ఫారంలో డబ్బు ఎందుకు వచ్చిందో రాయాలి. అతనే ‘కుటుంబ పోషణ’ అని టిక్కు పెట్టాడు.

చిన్నాయన అద్దంలోంచి తొంగి చూశాడు. "సారూ, నా కొడుకు బోరుకు, మోటరుకు పంపిండు. పెట్టుబడి అని రాయరాదుండ్రి?"

"ఆ కాలమ్ కంపెనీలకు పెద్దాయనా" అన్నాడు పిల్లగాడు. "ఇక్కడ సంతకం పెట్టు."