నిజాయితీపై అదనపు సుంకం

తెలంగాణ ఖజానా కష్టాలు తీర్చే ఒక కొత్త పన్నును ప్రభుత్వానికి సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. స్థిరాస్తి చేతులు మారేటప్పుడు నిజం చెప్పినవారి మీద వేయదగిన పన్ను ఇది. వసూళ్లు ఎప్పుడో మొదలయ్యాయి. పేరు పెట్టడమే మిగిలింది.

స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం. 2021 జులైకి ముందు ఇది 6 శాతమే. ఆ జులైలోనే, సుంకం లెక్కకు ప్రభుత్వం నిర్ణయించే మార్కెట్ విలువలనూ పెంచారు. 2013 తర్వాత అప్పటిదాకా వాటిని ముట్టుకోలేదు పాపం. ఎనిమిదేళ్ల ఆకలి ఒక్క పూటలో తీర్చుకుంటే తప్పేముంది?

దస్తావేజులో రాసిన ధర, ప్రభుత్వ విలువ: ఏది ఎక్కువైతే దానిపైనే సుంకం. ఒక ఫ్లాటు అసలు ధర 80 లక్షలు, ప్రభుత్వ లెక్కలో 50 లక్షలు అనుకుందాం. బ్యాంకు అప్పుతో కొనే ఉద్యోగి గత్యంతరం లేక 80 రాయించి 6 లక్షలు కడతాడు. సంచిలో 30 లక్షలు పట్టుకొచ్చిన పెద్దమనిషి 50 రాయించి 3 లక్షల 75 వేలతో బయటపడతాడు. నిజానికి వెల కట్టలేమని ఎవరన్నారు? అక్షరాలా 2 లక్షల 25 వేలు.

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు డాక్యుమెంట్ రైటర్ అడిగే మొదటి ప్రశ్న, "సార్, వైట్ ఎంత రాయమంటారు?" మొత్తం రాయమంటే ఆయన కళ్లజోడు సవరించుకుని జాలిగా చూస్తాడు. మూలధన లాభంపై పన్ను గుర్తొచ్చి, పక్కనున్న అమ్మకందారు ఉలిక్కిపడతాడు. స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం. చట్టం ఢిల్లీలో ఉంటుంది, సంచి ఇక్కడ ఉంటుంది.

ప్రభుత్వ విలువను అసలు ధరకు తెచ్చి, సుంకం 6.5 శాతానికి తగ్గించవచ్చు కదా అని కొందరు తుంటరులు అడుగుతారు. అప్పుడు ఇద్దరి నుంచీ కలిపి 10 లక్షల 40 వేలు వస్తాయి. ఇప్పుడు వస్తున్నది 9 లక్షల 75 వేలే. లెక్క కుదురుతోంది, అదే ప్రమాదం. సంచులు ఖాళీ అయితే రేపు ఎన్నికలకు ఎవరిని అడగాలి?

కాబట్టి నిజాయితీ సుంకానికి వేరుగా రసీదు ఇవ్వాలని మనవి. ఉద్యోగి దాన్ని చట్రం కట్టించి హాల్లో తగిలించుకుంటాడు. ఇక దస్తావేజులో "పుత్ర పౌత్ర పారంపర్యంగా సుఖాన అనుభవించగలరు" అనే వాక్యం ఉంటుంది కదా, నా ముసాయిదాలో దాని కిందే చిన్న సవరణ చేర్చాను: "మొత్తం ధర రాయించినవారికి ఈ సుఖం వర్తించదు."