ముగ్గుల పోటీకి ముప్పై ఏళ్ళ సర్వీసు

పోలీసు శాఖలో ముప్పై ఏళ్ళు నెగ్గుకొచ్చిన ఆడమనిషికి మన చెన్నై తెలుగువాళ్ళు కట్టబెట్టే అత్యున్నత పదవి ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. ముగ్గుల పోటీకి న్యాయనిర్ణేత. దాని పైన ఇంకో మెట్టు లేదు. ఉంటే గింటే పులిహోర పోటీ ఒకటి ఉంది గానీ, దానికి మామూలుగా డాక్టరమ్మ గారిని పిలుస్తారు.

ఇదేదో ఊరికే వచ్చే గౌరవం అనుకునేరు. కానిస్టేబుల్‌గా చేరాలి. ఎగ్మూరు పరేడ్ గ్రౌండులో ఎండకి మాడాలి. రాత్రి రౌండ్లు తిరగాలి, శవ పంచనామా దగ్గర ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని నిలబడాలి, కోర్టు వరండాల్లో సాక్షుల్ని వెంటేసుకుని పడిగాపులు కాయాలి, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి ఎస్సై కావాలి, అక్కణ్ణించి ఇన్‌స్పెక్టర్ కావాలి. ఇన్ని చేస్తే అప్పుడు మన సంఘం సెక్రటరీ గారు ఫోన్ చేసి, "మేడమ్, లేడీస్‌కి సంబంధించిన ప్రోగ్రాం ఒకటుంది, మీరు తప్ప ఇంకెవరున్నారండీ మాకు" అంటారు.

మొన్న ఉగాదికి టి.నగర్‌లో ఓ కల్యాణ మండపంలో జరిగిన సంబరాల సంగతి ఇది. సంఘం పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, మీ సంఘంలోనూ ఇదే జరుగుతుంది.

ముందు ఆహ్వాన పత్రిక చూడండి. ముఖ్య అతిథిగా ఒక ఎస్సై గారి పేరు, ఫోటోతో సహా. కుర్రాడు, మూడు నాలుగేళ్ళ సర్వీసు. ఉపన్యాసం అంశం "సైబర్ నేరాలు – మన జాగ్రత్తలు". అదే పత్రికలో కింద, వంటవాళ్ళ ఫోన్ నంబరుకి కొంచెం పైన, "ముగ్గుల పోటీ న్యాయనిర్ణేత: శ్రీమతి ఫలానా (శ్రీ ఫలానా గారి సతీమణి, విద్యుత్ బోర్డు, రిటైర్డ్), పోలీసు శాఖ" అని వేశారు. ఆవిడ హోదా ఏమిటి, ఎక్కడ పనిచేస్తుంది, ఎన్నేళ్ళుగా చేస్తోంది, ఇవన్నీ చోటు చాలక వేయలేదట. మొగుడు గారి కరెంటాఫీసుకి మాత్రం బ్రాకెట్లో సుబ్బరంగా చోటు దొరికింది.

పైగా ముందురోజే ఫోన్ చేసి చెప్పారు: "మేడమ్, పండగ కదా, యూనిఫాం వద్దండీ, పట్టుచీరలో రండి, ఫోటోలు కళగా వస్తాయి." పాపం ఆవిడ పట్టుచీరలోనే వచ్చింది. ఎస్సై గారు మాత్రం ఇస్త్రీ మడత నలగని యూనిఫాంలో వచ్చాడు. ఆయన ఫోటోలకి కళ అక్కర్లేదనుకుంటా, ఖాకీ చాలు.

ఆవిడ తిరుత్తణి వైపు తెలుగావిడ. మండపం ముందు ఆవరణలో వరసగా పెట్టిన ముగ్గుల మధ్య, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం మీద మార్కులు వేసుకుంటూ పోతోంది. అంతలో ముఖ్య అతిథి గారు కారు దిగి లోపలికి వస్తూ ఆవిణ్ణి చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు. ఎందుకంటే ఆ కుర్రాడు ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు పనిచేసింది ఈవిడ స్టేషన్లోనే. పాపం, అలవాటు ఊరుకోనిస్తుందా? ఒక అడుగు వెనక్కి వేసి, కాళ్ళు టక్కున చేర్చి సెల్యూట్ కొట్టాడు.

ఆ వెనకడుగు పోయి పోయి ఆరో నంబరు ముగ్గులో నెమలి తోక మీద పడింది.

ఇక చూడండి. ఆరో నంబరు పెరంబూరు నుంచి వచ్చిన పెద్దావిడ. పొద్దున్నే ఫస్ట్ బస్సు పట్టుకుని వచ్చిందట, నెమలి తోకకే గంటన్నర పట్టిందట, న్యాయం జరిగేదాకా టిఫిన్ ముట్టనని అక్కడే బైఠాయించింది. ఏడో నంబరావిడ ఊరుకోకుండా, అసలు ఆ నెమలికి చుక్కలే తప్పాయి కాబట్టి తొక్కినా తొక్కకపోయినా ఒకటే అంది. సెక్రటరీ గారు చేతులు జోడించి, "పండగపూట ఎందుకమ్మా, సర్దుకుపోదాం" అని మన జాతీయ పరిష్కారం చెప్పారు. ఎస్సై గారు బూటుకంటిన పసుపురంగు చూసుకుంటూ నిలబడ్డాడు.

మన న్యాయనిర్ణేత ఆవిడ గొంతు పెంచలేదు. "ఎవురూ ముగ్గు దగ్గిరికి రావద్దండి. ముందు ఫోటో తీయండి" అంది. తీశారు. "ఏం నాయనా, ఏ కాలు?" అంది. "ఎడమ కాలు మేడమ్." సాక్షులు ఎవరని అడిగితే నలుగురు వచ్చారు, నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు, ఒకాయన అయితే ఎస్సైని వెనక నించి ఎవరో తోశారని కూడా చెప్పాడు (ఆ టైముకి ఆయన కాఫీ లైన్లో ఉన్నాడు, నేను ఆయన వెనకే ఉన్నాను). నలుగురు చెప్పిందీ విని, అట్ట చూపించి, "ఆరో నంబరుకి నేను మార్కులు వేసేసినాక తొక్కినారు. టైము రాసుండాను, చూడండి. మార్కులు మారవు. ఈ బాబు మీకు సారీ చెప్తాడు, మీరు పోయి ఇడ్లీ తినండమ్మా" అంది. అంతే, గొడవ చప్పున చల్లారింది. పెద్దావిడ లేచింది, బాబు సారీ చెప్పాడు.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఘటనా స్థలాన్ని కాపాడటం, ఫోటో, వాంగ్మూలాలు, అబద్ధపు సాక్షిని పక్కన పెట్టడం, టైము రాసిన రికార్డు. పోలీసు పని అంటే ఇదేనండీ, ఇంతకంటే వేరే ఏమీ లేదు. ఈ పని చేతనైన మనిషిని బయట ముగ్గుల దగ్గర నిలబెట్టి, మనం లోపల ఏసీ హాల్లో కూర్చుని, "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన సంగతే మళ్ళీ విని చప్పట్లు కొట్టాం.

తర్వాత శాలువా. "అపర కాళి", "శివంగి", "ఆడపులి" అని యాంకరమ్మ మూడు బిరుదులు వరసగా ఇచ్చేసి, మైకు ఆవిడ ముందు పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "మీవారు ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నారా మేడమ్?" ముప్పై ఏళ్ళ తర్వాత అడుగుతున్నారు! ఇప్పుడు ఆయన ఒప్పుకోలేదని తేలితే ఏం చేస్తారో, సర్వీసు వెనక్కి ఇప్పిస్తారేమో. రెండో ప్రశ్న వంట గురించి. అది మీరు ఊహించగలరు, నేను రాయను.

అసలు మనకి పోలీసు ఆడవాళ్ళలో రెండే రకాలు అర్థమవుతాయి. "తొలి మహిళ" అయితే అర్థమవుతుంది. శాలువా కప్పించుకునే శివంగి అయితే అర్థమవుతుంది. మధ్యలో రోజూ పొద్దున్నే లేచి డ్యూటీకి పోయే మనిషి ఉంటుందే, ఆవిడతోనే మనకి ఏం చెయ్యాలో తోచదు. తమిళనాడు పోలీసులోకి ఆడవాళ్ళు వచ్చింది 1973లో. ఒక ఎస్సై, ఒక హెడ్ కానిస్టేబుల్, ఇరవై మంది కానిస్టేబుళ్ళు, మొత్తం 22 మంది. 1976 బ్యాచ్‌లో లతికా శరణ్, తిలకవతి ఐపీఎస్‌కి వచ్చారు. తిలకవతి గారికి రచయిత్రిగా సాహిత్య అకాడెమీ అవార్డు కూడా వచ్చింది. లతికా శరణ్ 2006లో చెన్నైకి తొలి మహిళా కమిషనర్, 2010లో రాష్ట్రానికి తొలి మహిళా డీజీపీ. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. సరే, బాగానే ఉంది. మరి రెండో మహిళా కమిషనర్ ఎవరు? కమిషనర్ కుర్చీలో ఆ తర్వాత కూర్చున్నవాళ్ళంతా మగవాళ్ళే. తొలి అయిపోయింది కదా, ఇంక తొందరేముంది? పక్కన కర్ణాటకలో 2017లో నీలమణి రాజు గారిని డీజీపీని చేసి వాళ్ళూ టిక్కు పెట్టుకున్నారు. మన దగ్గర "తొలి" అన్నది తలుపు తెరవడం కాదు, హాజరు పట్టీలో సంతకం.

1992లో జయలలిత గారి హయాంలో థౌజండ్ లైట్స్‌లో తమిళనాడు మొదటి మహిళా పోలీస్ స్టేషన్ పెట్టారు. మొగుడు కొట్టాడని చెప్పుకోడానికి వచ్చిన ఆడపిల్లకి అక్కడ ఇంకో ఆడమనిషి కుర్చీ వేస్తుంది, అది మంచిదే, నేను కాదనను. కానీ దాంతో ఏమైందంటే, లేడీ ఆఫీసర్ అనగానే పంపడానికి డిపార్ట్‌మెంటుకి ఒక చోటు దొరికింది. మహిళా స్టేషన్, అక్కడ కొన్నాళ్ళు చేశాక కంట్రోల్ రూమ్, అక్కణ్ణించి మళ్ళీ మహిళా స్టేషన్. మర్డర్ కేసులు, రౌడీషీట్లు, లా అండ్ ఆర్డర్ అంతా మగవాళ్ళకి. ప్రమోషన్ టైములో "మీకు ఫీల్డ్ అనుభవం తక్కువండీ" అనొచ్చు. ఫీల్డులోకి పోనివ్వకుండా ఫీల్డ్ అనుభవం అడగడం ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. పోలీసుల్లో ఆడవాళ్ళని 33 శాతం చేయమని కేంద్రం 2009 నుంచి రాష్ట్రాలకి ఉత్తరాలు రాస్తూనే ఉంది. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్క ప్రకారం దేశంలో సుమారు 2.4 లక్షల మంది మహిళా పోలీసులుంటే, ఐపీఎస్ స్థాయిలో ఉన్నది వెయ్యి లోపే. దాదాపు 90 శాతం మంది కానిస్టేబులరీలోనే ఉన్నారు. అంటే చేర్చుకుంటున్నారు. పైకి రానివ్వడం లేదు.

ఇంక సౌకర్యాలు. 2023లో తమిళనాడు పోలీసులో ఆడవాళ్ళు చేరి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా ముఖ్యమంత్రి స్టాలిన్ గారు కొన్ని ప్రకటనలు చేశారు. అందులో ఒకటి, మహిళా పోలీసులకి రోల్‌కాల్, అంటే హాజరు పిలుపు, పొద్దున 7కి బదులు 8కి. మంచి పని, పిల్లల్ని బడికి తయారు చేసుకునే వాళ్ళకి ఆ గంట విలువ తెలుసు. నేను లెక్క మాత్రమే చెబుతున్నాను: యాభై ఏళ్ళకి ఒక గంట. 1973లో చేరిన ఆ 22 మందీ సర్వీసంతా ఏడింటికే వచ్చి, రిటైరై, ఇంట్లో కూర్చున్నాక గడియారం ఒక అంకె కదిలింది. ఇదే స్పీడులో పోతే 2073కి తొమ్మిది అవుతుంది. ఇప్పుడు పుట్టబోయే ఆడపిల్లలు కంగారు పడకుండా నిదానంగా పెరగొచ్చు.

నీళ్ళ సంగతి చెప్పాలి. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. బందోబస్తు ఉన్న రోజు లేడీ కానిస్టేబుళ్ళు పొద్దుట్నించీ నీళ్ళు తాగరు. చేపాక్ మ్యాచ్ కానివ్వండి, మెరీనా మీద సభ కానివ్వండి, గుడి తిరునాళ్ళు కానివ్వండి. ఏప్రిల్, మే ఎండల్లో, రోడ్డు మీద ఎనిమిది పది గంటలు. ఎందుకు తాగరు? తాగితే పోవడానికి చోటు లేదు. నెలసరి రోజుల్లోనూ అంతే. మగ కానిస్టేబుల్ గోడ పక్కకి పోతాడు, ఈవిడ ఎవరింటి తలుపు తట్టాలి? 2021లో ముఖ్యమంత్రి కాన్వాయ్ దారిలో మహిళా పోలీసుల్ని నిలబెట్టొద్దని ఆర్డరు వేశారు. కాన్వాయ్‌కే. మిగతా రోడ్ల మీద ఎండ వేరే రకంగా కాస్తుంది కాబోలు. రోడ్డు సంగతి వదిలేయండి, 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి అనే సంస్థల వాళ్ళు 21 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, మహిళా పోలీసుల్లో ఐదుగురిలో ఒకరు తమ స్టేషన్లో ఆడవాళ్ళకి విడిగా టాయిలెట్టే లేదని చెప్పారు. స్టేషన్లో, అదీ సర్కారీ బిల్డింగులో! కిడ్నీలు పాడు చేసుకుని కాపలా కాస్తున్న మనిషి మెడలో మనం శాలువా వేసి శివంగి అంటున్నాం. సిగ్గుండాలి మనకి.

ఇదంతా కింది స్థాయిలో కష్టాలు, పైకి వెళ్తే అన్నీ సర్దుకుంటాయి అనేవాళ్ళున్నారు. 2021 ఫిబ్రవరి. ముఖ్యమంత్రి పర్యటన బందోబస్తు అయ్యాక, స్పెషల్ డీజీపీ హోదాలో ఉన్న పెద్దమనిషి తనని లైంగికంగా వేధించాడని ఎస్పీ హోదాలో ఉన్న మహిళా ఐపీఎస్ అధికారి ఫిర్యాదు చేయడానికి చెన్నైకి బయల్దేరింది. ఆవిడే పోలీసు, పోయేది పోలీసు పెద్దల దగ్గరికే. దారిలో చెంగల్పట్టు దగ్గర పరనూరు టోల్‌గేటులో ఆవిడ కారుని ఇంకో పోలీసు అధికారి బలగంతో వచ్చి ఆపాడు. ఐపీఎస్‌కే ఇలా అయితే, మన వీధి చివర బీటు తిరిగే కానిస్టేబులమ్మ ఎవరికి చెప్పుకోవాలి? అయినా ఆవిడ ఆగలేదు, ఫిర్యాదు ఇచ్చింది, కోర్టుల చుట్టూ తిరిగింది. 2023 జూన్‌లో విల్లుపురం కోర్టు ఆ పెద్దమనిషికి మూడేళ్ళ జైలు శిక్ష వేసింది. 2024 ఫిబ్రవరిలో సెషన్స్ కోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆయన ఇంకా పైకోర్టులకి వెళ్ళాడు.

ఆవిడ కారు ఆపిన అధికారికి కూడా శిక్ష పడింది లెండి. 500 రూపాయల జరిమానా. ఇదే చెన్నైలో హెల్మెట్ లేకుండా స్కూటర్ మీద కరివేపాకు కోసం బయల్దేరితే 1000.