తొమ్మిదో నంబర్ జెర్సీ ఎవరికి?

2025 డిసెంబర్ 13, శనివారం ఉప్పల్‌లో ఏం జరిగిందో పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. టీవీలు చూపించాయి, ఫోన్లు ఇంకా చూపిస్తూనే ఉన్నాయి. మెస్సీ వచ్చాడు, బంతి తన్నాడు, చేతులూపాడు, వెళ్లిపోయాడు. అదే రోజు అభిమానుల ఆగ్రహానికి కోల్‌కతాలో కుర్చీలు విరిగాయి, ఇక్కడ విరగలేదు. ఆ మేరకు మన పోలీసులకు మంచి మార్కులే వేయాలి. మా కడుపుమంట వేరే. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బరిలోకి దిగిన జట్టు పేరు ‘సింగరేణి ఆర్‌ఆర్ 9’. ఆ పేరు చూసిన క్షణం నుంచి ఈ డెస్కులో ఎవరికీ స్థిమితం లేదు.

ఫుట్‌బాల్‌లో తొమ్మిది అంటే స్ట్రైకర్ నంబర్. మిగతా పది మంది ఎంత ఆడినా చివరికి గోల్ కొట్టే బాధ్యత ఆ జెర్సీది. సింగరేణి అంటే మన బొగ్గు గనుల సంస్థ, అంటే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్, భూపాలపల్లి. ఈ రెండూ పక్కపక్కన కనబడితే ఉత్తర తెలంగాణ కాలరెగరేయాలి. ఎగరేయలేకపోతున్నాం. ఎందుకంటే ఆ నంబర్ వేసుకుని పెరగాల్సిన పదమూడేళ్ల పిల్లాడి మీద ఆ సంస్థ గానీ, ఈ ప్రభుత్వం గానీ, దీనికి ముందు పదేళ్లు ఏలిన ప్రభుత్వం గానీ ఏం ఖర్చు పెట్టాయో మాకు కనబడటం లేదు. తయారై వచ్చిన ఆటగాడి పక్కన నిలబడటానికి మాత్రం అందరూ ఉన్నారు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మెస్సీతో ఒక్క ఫొటోకు దాదాపు పది లక్షల ధర పలికిందంటే, తయారైన ఆటగాడంటే మనకెంత మోజో అర్థం చేసుకోవచ్చు.

అంతటి ఆటగాడు వస్తే పిల్లల్లో ఉత్సాహం పుడుతుందని, రాష్ట్రం పేరు ప్రపంచానికి తెలుస్తుందని కొందరంటున్నారు. కొంత నిజమే. కొందరు పిల్లలకు ఆయనతో బంతి తన్నే అదృష్టం దక్కింది, వాళ్లకది జన్మంతా గుర్తుంటుంది. కాదనం. కానీ ఆ ఉత్సాహంతో ఆదివారం పొద్దున బంతి చంకన పెట్టుకుని బయల్దేరిన పిల్లాడు ఎక్కడికి వెళ్లాలి?

మెస్సీ కథనే తీసుకుందాం, ఆయన భుజం మీద చెయ్యి వేసినవాళ్లు ఆ కథ చదివి ఉంటే. అర్జెంటీనాలోని రొసారియోలో పుట్టిన ఆ పిల్లాడికి పదేళ్లు దాటాక ఎదుగుదల హార్మోన్ల లోపం బయటపడింది. రోజూ ఇంజెక్షన్లు. మందుల ఖర్చు ఆ కుటుంబం మోసేది కాదు. సొంత దేశంలోని క్లబ్బులు ఆట బాగుందన్నాయి గానీ మందుల మాట వచ్చేసరికి మొహం చాటేశాయి. పదమూడేళ్ల వయసులో సముద్రం దాటి బార్సిలోనాకు ట్రయల్స్‌కు వెళ్తే, వైద్యం ఖర్చు తామే పెట్టుకుంటామని ఆ క్లబ్బు ముందుకొచ్చింది. తొలి ఒప్పందాన్ని చేతికి కాగితం దొరక్క ఒక పేపర్ న్యాప్‌కిన్ మీద రాశారు. తేదీ 2000 డిసెంబర్ 14. మన ముఖ్యమంత్రి ఆయనతో బంతి ఆడింది 2025 డిసెంబర్ 13న. పాతికేళ్లకు ఒక్క రోజు తక్కువ! ఆ సంతకం తర్వాత కూడా సీనియర్ జట్టు తరఫున తొలి అధికారిక మ్యాచ్ ఆడటానికి 2004 అక్టోబర్ దాకా, అంటే దాదాపు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు తిండి, వైద్యం, చదువు, కోచ్, వారం వారం మ్యాచ్‌లు అన్నీ క్లబ్బే చూసింది. గోల్ ఒక్కటీ లెక్కలోకి రాకముందే పెట్టుబడి పెట్టింది.

మనవాళ్లకు నచ్చినది ఆ కథలో ఆఖరి పేజీ ఒక్కటే. మొదటి పేజీకి డబ్బు కావాలి, ఓపిక కావాలి, పైగా ఆ వయసు పిల్లాడితో ఫొటో దిగితే ఎవరూ లైక్ కొట్టరు.

అర్జెంటీనా దాకా ఎందుకు? మన గడ్డ మీదే చూపిస్తాం. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఇరవై ఏళ్ల ప్రాయంలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచిన జట్టు అది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. అంతకు ముందు? ప్రాక్టీసుకు హైదరాబాద్ దాకా రావడానికి చేతిలో డబ్బుల్లేని పేద పిల్లాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సైకిల్ అద్దె డబ్బులిచ్చి రప్పించారని బలరామే చెప్పుకునేవారు. అద్దె సైకిల్‌కు అప్పట్లో ఎంతయ్యేదో గానీ, దేశానికి ఒక మేటి ఫార్వర్డ్ దొరికాడు. రహీం చేతుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. బలరాం మాత్రం 1957లోనే కోల్‌కతా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు, ఆ తర్వాత బెంగాలే ఆయన ఊరైంది. 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. అప్పుడు మన నాయకులు సంతాపాలు ప్రకటించారు. బతికుండగా పిలిచి పిల్లలకు ఆట నేర్పించండని ఎవరూ అడిగినట్టు మాకు గుర్తులేదు.

అప్పుడు ఈస్ట్ బెంగాల్, ఇప్పుడూ ఈస్ట్ బెంగాలే. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో రైతు ఇంట పుట్టిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్యను ఆ వారం ఎంతమంది తలుచుకున్నారు? మొదట పరుగు పందేల పిల్ల. ఆ వేగం ఒక కోచ్ కంటపడి బంతి దగ్గరికొచ్చింది. వింగ్ మీద దూసుకెళ్లి గోల్స్ కొట్టడం ఆమె ఆట. చిన్న వయసు జట్ల నుంచే దేశానికి ఆడింది. పేరు తెచ్చిన క్లబ్బుల వరుస చూడండి: ముంబయిలో కెంక్రే, కేరళలో గోకులం, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ టైటిల్ గెలిస్తే అందులో ఆమె గోల్స్ ఉన్నాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెనే ఎంచింది. ఆ వరుసలో తెలంగాణ చిరునామా ఒక్కటి లేదు. ఒక తండా పిల్ల దేశంలోనే మేటి ఆటగత్తె అయ్యే దారిలో ముంబయి ఉంది, కోజికోడ్ ఉంది, ఆఖరికి జాగ్రెబ్ కూడా ఉంది. వరంగల్ లేదు, కరీంనగర్ లేదు, హైదరాబాద్ లేదు. చెట్టు నాటనివాళ్లే పళ్ల పంపకానికి ముందు వరుసలో కూర్చున్నట్టుంది మన వ్యవహారం.

హైదరాబాద్ పేరు మీద ఒక క్లబ్బు ఉండేది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది కూడా. 2025లో అదీ మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. దేశంలో అగ్రశ్రేణి లీగే ఆ రోజుల్లో దిక్కుతోచక ఆగిపోయింది. సమాఖ్యకు, నిర్వాహక సంస్థకు మధ్య ఒప్పందం 2025 డిసెంబర్ 8న ముగిసింది. ప్రొఫెషనల్ ఆటగాళ్లకే జీతాల టెన్షన్ పట్టుకున్న రోజుల్లో, సరిగ్గా అయిదు రోజుల తర్వాత మనం ఫుట్‌బాల్ పండగ చేసుకున్నాం. క్లబ్బు తరలిపోతుంటే ఆపడానికి ఎవరు ప్రయత్నించారో చెప్పగలరా?

ఇక మన ఊరి సంగతి. హన్మకొండ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ మైదానం గత కొన్నేళ్లలో ఏమేం చూసిందో వరంగల్ వాళ్లకు తెలుసు. 2022 మేలో రాహుల్ గాంధీ రైతు డిక్లరేషన్ సభ, 2023 జులైలో ప్రధాని మోదీ సభ, 2024 నవంబర్‌లో ప్రజాపాలన విజయోత్సవ సభ. పార్టీ ఏదైనా మైదానం అదే. పెద్ద సభ అయిపోయాక ఏ మైదానమైనా ఎలా ఉంటుందో మర్నాడు వెళ్లి చూడండి. గుంజలు పీకేస్తారు, గుంతలు పూడ్చరు. లారీలు తిరిగిన చోట టైర్ల గాట్లు గట్టిపడి ఉంటాయి. కంకర, మేకులు, నీళ్ల ప్యాకెట్ల కవర్లు. పక్క నుంచి వచ్చిన పాస్‌ను కాలితో ఆపుదామని పిల్లాడు నిలబడితే బంతి గడ్డకు తగిలి మోకాలి ఎత్తుకు లేస్తుంది. స్ట్రైకర్‌కు అన్నిటికన్నా ముందు రావాల్సిన విద్య, వచ్చిన బంతిని ఒక్క తాకుడుకు అదుపు చేయడం. అలాంటి నేల మీద అది ఎవరికి వస్తుంది? గోల్‌పోస్టులు ఉన్నచోట వల ఉండదు. గోల్ కొట్టినవాడే పరుగెత్తి తుమ్మ చెట్ల దాకా వెళ్లి బంతి తెచ్చుకోవాలి.

మైదానం కన్నా పెద్ద లోటు మ్యాచ్‌లు. గోడకు బంతి తన్నించి డిఫెండర్‌ను తయారుచేయొచ్చేమో గానీ స్ట్రైకర్‌ను చేయలేం. వాడు గోల్ మిస్ చేసి చేసి నేర్చుకుంటాడు. గోల్‌కీపర్ ఎటు దూకుతాడో, ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు పక్కవాడికి వదిలేయాలో ఏ డ్రిల్లూ నేర్పదు. వందసార్లు మిస్ చేయడానికి మ్యాచ్‌లు కావాలి. మన జిల్లాల్లో పద్నాలుగేళ్ల పిల్లాడికి ఉన్నదేమిటి? స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు వస్తాయి. వారం ముందు వ్యాయామ ఉపాధ్యాయుడు జట్టు కడతాడు. రెండు మ్యాచ్‌లు ఆడతారు. ఓడితే ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే, మళ్లీ పుస్తకాలు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు జనరల్ బోగీలో నిలబడి వెళ్తారు. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది, సంతోషం. బస్సు దిగాక ఆడటానికి లీగ్ ఏదని వాళ్లడిగితే జవాబు లేదు. పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఆట మానేయమంటారు. ఆ తల్లిదండ్రులను మేం తప్పుపట్టలేం. పదమూడు నుంచి పదిహేడు ఏళ్ల దాకా ఆ పిల్లాడిని ఎవరు సాకుతారో వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

సాకగలిగిన సంస్థ ఉత్తర తెలంగాణలో ఏదైనా ఉందంటే అది సింగరేణే. 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే ప్రతి పైసా జనం సొమ్ము, బాయిలో దిగి వచ్చిన కార్మికుడి చెమట. బొగ్గు ఊళ్లలో దానికి సొంత మైదానాలున్నాయి, క్రీడా విభాగం ఉంది, ఏటా ఉద్యోగులకు పోటీలు పెట్టే అలవాటూ ఉంది. పిల్లలకు ఏరియాల వారీగా లీగ్ పెట్టడానికి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. గోదావరిఖని జట్టు బెల్లంపల్లికి, భూపాలపల్లి జట్టు మందమర్రికి వారం వారం వెళ్లి ఆడటానికి కావాల్సింది ఒక బస్సు, ఒక రిఫరీ, పూటకు రెండు గుడ్లు. దీనికి నిధుల్లేవంటే, ఒక రాత్రి ఆటకు పేరు ఇచ్చుకోవడానికి ఎక్కడి నుంచి వచ్చాయని మేం అడుగుతాం. ప్రతిపక్ష బీఆర్‌ఎస్ కూడా ఈ ఖర్చు మీద గొంతు చించుకుంది. వాళ్ల పదేళ్ల పాలనలో బొగ్గు ఊళ్ల పిల్లలకు లీగ్ పెట్టి ఉంటే ఆ గొంతుకు ఇంకాస్త బలం ఉండేది.

మాకు అన్నిటికన్నా భయంగా ఉన్నది ఈ అలవాటు. ఈసారి మెస్సీ. వచ్చే ఏడాది ఇంకొకరు వస్తారు, ఇంకో ఆట, ఇంకో జెర్సీ. ప్రభుత్వ రంగ సంస్థ పేరు పడుతుంది, మంత్రులు కెమెరా ముందుకొస్తారు, క్రీడలకు పెద్దపీట వేశామని ప్రకటన వెలువడుతుంది. తయారైన ఆటగాణ్ని అద్దెకు తెచ్చుకోవడమే క్రీడాభివృద్ధి అని ఒకసారి లెక్కల్లోకి ఎక్కితే, తయారుచేసే పనికి ఇక ఏ ఫైలూ కదలదు. అడిగితే ‘మొన్నే కదా ఫుట్‌బాల్‌కు ఖర్చు పెట్టాం’ అంటారు.

ఏటా డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం. జెండా ఎగరేస్తారు, స్టాళ్లు పెడతారు, స్వీట్లు పంచుతారు. ఆ వేదిక మీదే యాజమాన్యం రెండు అంకెలు చదవాలి. ఉప్పల్ ఆటకు సంస్థ నుంచి అన్ని రూపాల్లో వెళ్లింది ఎంత, గత ఏడాది బొగ్గు జిల్లాల్లో పదిహేడేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్ మీద పెట్టింది ఎంత. కలెక్టర్ గారు కూడా ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఇక సభలకు అనుమతి లేదని ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి, అడిగేది ఏ పార్టీ అయినా సరే. ముఖ్యమంత్రి గారు రోజంతా పని చేసి రాత్రిళ్లు ప్రాక్టీస్ చేశారు, ఆటంటే ఆయనకు ఇష్టమే, అనుమానం లేదు. ఆ ఇష్టం బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కింద ఉందో చూపించమంటున్నాం. 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో మహిళల ఆసియా కప్. దానికి మన అమ్మాయిలు అర్హత పోటీలు గెలిచి మరీ చోటు సంపాదించారు. ఇకనైనా ఈ జిల్లాల్లో పిల్లల లీగ్ ఒక్కటి మొదలు పెట్టలేకపోతే, దేశం తరఫున సౌమ్య గోల్ కొట్టిన రాత్రి ‘మా తెలంగాణ బిడ్డ’ అని పోస్టు పెట్టే ధైర్యం మాత్రం చేయకండి.