మీరు ధనవంతులన్న సంగతి మీకు తెలుసా?

దాగి ఉన్న ధనవంతులను పట్టుకోవడం ఆదాయపు పన్ను శాఖ పని అని ఇంకా నమ్మేవాళ్లున్నారు. పాపం, అమాయకులు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఎప్పుడో గ్రామ సచివాలయాలకు బదిలీ అయింది. పింఛనుకో, బడిపిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనానికో దరఖాస్తు పెట్టి చూడండి. మీకే తెలియని మీ ఆస్తులన్నీ బయటికొస్తాయి.

దీన్ని ఆరంచెల పరిశీలన అంటారు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు మించకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్యాక్సీ, ట్రాక్టర్ అయితే పర్వాలేదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో సర్కారు ఉద్యోగి గానీ, ఐటీ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. పట్నంలో 1,000 చదరపు అడుగులు మించిన ఆస్తి ఉండకూడదు. వినడానికి బాగానే ఉంది. మేడలున్న ఆసామికి నెలకు 4,000 పింఛను ఎందుకివ్వాలి?

చిక్కల్లా, ఈ పరిశీలన కోసం ఎవరూ మీ గడప దాకా రానక్కర్లేదు. మీ ఆధార్ నంబరు చాలు, అది ఏ మీటరుకు, ఏ బండికి, ఏ సర్వే నంబరుకు అతుక్కుని ఉందో కంప్యూటర్ చెప్పేస్తుంది. ఎవరు అతికించారని అడగకూడదు. అది మర్యాద కాదు.

కరెంటు సంగతే చూడండి. తాత పోయి పదేళ్లయినా మీటర్లు తాత పేరు మీదే ఉంటాయి. ముగ్గురు కొడుకులు మూడు వాటాల్లో ఉంటారు, మూడు మీటర్లు. సీడింగ్‌కు, అంటే మీటరుకు ఆధార్ అతికించడానికి, వచ్చిన రోజు పెద్దకొడుకు ఒక్కడే ఇంట్లో ఉన్నాడు కాబట్టి మూడింటికీ ఆయన ఆధారే ఎక్కింది. తలా 120 యూనిట్లు కాలిస్తే మొత్తం 360. ఏసీ మొహం చూడని పెద్దాయన ఆ నెల నుంచి సంపన్నుడు. ఫ్యాను ఆపుకుని పడుకున్నా లాభం లేదు, తమ్ముళ్ల ఇళ్లలో ఫ్రిజ్‌లు తిరుగుతూనే ఉంటాయి.

ఇక కుటుంబ విలువలు. ఉమ్మడి కుటుంబాలు కూలిపోయాయని పెద్దలు ఊరికే బాధపడతారు గానీ, ఎవరు ఏ కుటుంబమో సచివాలయం రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అవి చెక్కుచెదరలేదు. కొడుకు పెళ్లి చేసుకుని హైదరాబాద్ వెళ్లి, పండక్కి కూడా రావడం మానేసినా, మ్యాపింగ్‌లో మాత్రం అమ్మ పక్కనే ఉంటాడు. అతని జీతం, అతని కారు అన్నీ అమ్మవే. డబ్బు మాత్రం పంపడు; ఆ ఆప్షన్ సాఫ్ట్‌వేర్‌లో లేదు.

కారు అంటే గుర్తొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొని, ఆరు నెలలకే అమ్మేసిన కారు ఆర్సీ మీ పేరు మీదే ఉండిపోతే, మీరు చచ్చేదాకా ఓనరే. కొన్నవాడు దాన్ని తుక్కు కింద తూకానికి వేసినా సరే.

వయసుది ఇంకో కథ. పల్లెల్లో పెద్దవాళ్ల ఆధార్ కార్డులు చూస్తే సగం మంది జనవరి 1నే పుట్టినట్టుంటుంది. ఆపరేటర్ మొహం చూసి, భోజనాల వేళ తొందరలో కొట్టిన సంవత్సరమే జాతకం. మనవరాలికి పిల్లలు పుట్టినా పింఛనుకు కావాల్సిన 60 నిండని అవ్వలున్నారు. సరిచేయమంటే బర్త్ సర్టిఫికెట్ తెమ్మంటారు. మంత్రసాని చేతిలో పుట్టినవాళ్లు ఆ మంత్రసానిని ఎక్కడి నుంచి తేవాలి?

వైద్య రంగంలోనూ అద్భుతాలు జరుగుతున్నాయి. 2025లో దివ్యాంగుల పింఛన్లకు మళ్లీ పరీక్షలు పెడితే, ఎంతోమందికి వైకల్యం పింఛనుకు కావాల్సిన 40 శాతం కన్నా కిందికి దిగిపోయి నోటీసులొచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ఉన్నాయి. కానీ పాతికేళ్లుగా ఈడ్చుకుంటూ నడుస్తున్న కాలు ఒక్క నోటీసుతో బాగుపడటం ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. గొడవయ్యాక, అప్పీలు పెట్టుకున్నవాళ్లకు ఇస్తామన్నారు. అంటే నడవలేనివాళ్లు నడిచివెళ్లి, నడవలేమని చెప్పుకోవాలి.

ఈ విద్యలో తెలంగాణ మనకు అన్న. అక్కడి సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ రకరకాల శాఖల రికార్డులు కలిపి, పేర్లూ అడ్రసులూ పోల్చి, ఆయనే ఈయన అని తేల్చేసేది. తెలుగునాట ఒకే పేరున్నవాళ్లు వీధికి ఇద్దరుంటారన్న సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదు. రద్దయిన లక్షల రేషన్ కార్డులను ఊళ్లలోకి వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

"అవ్వా, నీ పేరు మీద కారుంది."

"కారేంది నాయనా? నాకు సైకిలెక్కడమే రాదు."

"నేనేం చేయను, సిస్టంలో చూపిస్తోంది. ఆర్టీవో ఆఫీసుకు పో."

సచివాలయంలోని ఆ పిల్లవాణ్ని తిట్టకండి. అతని చేతిలో బటన్ లేదు. తిరస్కరించినప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: ఆరింటిలో ఏ అంచెలో పోయింది, ఏ మీటరు నంబరు, ఏ బండి నంబరు? కాగితం మీద రాయించుకోండి. నంబరు చేతిలో లేకుండా కరెంటాఫీసుకు వెళితే సచివాలయానికి పొమ్మంటారు, సచివాలయంలో కరెంటాఫీసుకు పొమ్మంటారు. ఈ ప్రదక్షిణకు పుణ్యం కూడా రాదు.

ప్రభుత్వానికి నాదో విన్నపం. మీ రికార్డు నిజమే అనుకుందాం. అప్పుడు తిరస్కరణ కాగితంతో పాటు ఆ కారు తాళాలు, ఆ 10 ఎకరాల పాసుపుస్తకం కూడా అవ్వ చేతికిచ్చేయండి. 4,000 ఎవడిక్కావాలి, ఆమె అడగనే అడగదు. కాకపోతే అప్పగించేముందు వేలిముద్ర వేయమంటారు. అరవయ్యేళ్లు కలుపు తీసిన వేళ్లు కదా, పడదు. కారు మళ్లీ మీకే మిగిలిపోతుంది.