పంటిగార గారికి

గార గారండీ,

ఆయ్, నమస్కారం. మా కోనసీమలో గేదెని అదిలించినా చివర్న అండీ తగిలిస్తాం. అలాంటిది ఇరవయ్యేళ్లు నా నోట్లో అద్దె కట్టకుండా కాపురం చేసిన మిమ్మల్ని నువ్వంటే నోరు పడిపోదూ?

మీరెప్పుడు దిగారో నాకు తెలీదు. తోమగా మిగిలిన పాచికి లాలాజలంలో ఉండే సున్నం పట్టి, గట్టిపడి మీరయ్యారట. మకాం మటుకు భలే చూసుకున్నారు, కింది ముందు పళ్ల వెనకాల. లాలాజలం ఊట అక్కడేగా! కాలవ మొదట్లో పొలం కొనుక్కున్న ఆసామిలాగ.

జాంకాయ కొరికితే నెత్తురొచ్చింది. కాయ కసురు అనుకున్నాను. సంక్రాంతికి ఆత్రేయపురం పూతరేకు కొరికాను; కాగితంలాంటి తెల్లటి రేకు మీద సన్నటి ఎర్ర చార. మా బావమరిది కళ్లజోడు సవరించుకుని "బెల్లం రంగు బావా" అని తేల్చేశాడు. ఇంకోటి తినేశాను. నొప్పుంటే కదా అనుమానం! మీరు ఏళ్ల తరబడి నొప్పి తెలీనివ్వరు. అంత మర్యాదస్తులు.

పన్నెండేళ్లుగా నాకు షుగరు. డాక్టరు గారు అరికాళ్లు నొక్కారు, కళ్లు చూపించుకోమన్నారు, నోరు మటుకు తెరవమనలేదు. పళ్ల డాక్టరు గారు ఓ పన్ను పీకారు, షుగరుందా అని అడగలేదు. సరిహద్దు గట్టు మీద మొలిచిన తాడిచెట్టులాగ మీరు ఇద్దరికీ చెందకుండా ఎదిగిపోయారు.

1993లోనే హరాల్డ్ లో (Harald Löe) అనే దంతవైద్య పండితుడు చిగుళ్ల జబ్బుని షుగరు తెచ్చిపెట్టే ఆరో ఉపద్రవమని రాశాడట. కళ్లు, కిడ్నీలు, నరాలు, రక్తనాళాలు, మానని పుండు... ఈ ఐదుగురు అల్లుళ్లకీ మర్యాదలు జరుగుతూనే ఉన్నాయి. ఆరో అల్లుడు పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నా ఎవరూ చూడలేదు. పైగా ఈ అల్లుడు మావగారి ఆస్తికే ఎసరు పెట్టే రకం. షుగరు పెరిగితే ఒంట్లో కాపలా కణాలు బద్ధకిస్తాయి, మీ గరుకు ఒంటిని పట్టుకుని సూక్ష్మజీవులు చిగురు కిందకి దిగుతాయి. అక్కడి వాపులో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పని చెడగొడతాయి. షుగరు ఇంకా పెరుగుతుంది. రాకపోకలు రెండు వైపులా! నేను మటుకు పూతరేకుల్నే తిట్టుకున్నాను.

మా ఊళ్లో ఏటా వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తారు. గుర్రపుడెక్క లాగుతారు, గట్లు సరిచేస్తారు. పూడిక తీస్తే గట్టు కూలిపోతుందని ఏ రైతూ అనగా వినలేదు. పళ్లు క్లీనింగ్ చేయించుకుంటే వదులైపోతాయని మటుకు ఊరు ఊరంతా చెబుతుంది, నేనూ పదిమందికి చెప్పాను. నిజానికి పంటిని పట్టుకునే ఎముక ఎప్పుడో కరిగితే మీరు అడ్డుగా నిలబడి, గోడలాగ నటిస్తున్నారన్నమాట.

మొన్న తీయించేశాను. స్టీలు పళ్లెంలో టప్‌మని రాలారు, ఇడ్లీబియ్యపు నూకంత ముక్కలు, గోధుమరంగు. రెండు పళ్ల మధ్య సందులోకి గాలి కొత్తగా వెళ్లింది. నాలుక రెండ్రోజులు మిమ్మల్నే వెతుక్కుంది.

మూణ్ణెల్ల సగటు షుగరు (HbA1c) 8.6 శాతం ఉండేది, తర్వాత 8.2 వచ్చింది. మందులు మారలేదు, భోజనం మారలేదు (మారలేదనే మా ఆవిడకి చెప్పాను). 2022లో, వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే కొక్రేన్ సంస్థ వాళ్లు 35 అధ్యయనాలు గుదిగుచ్చి చూస్తే, చిగుళ్ల వైద్యంతో మూడు నాలుగు నెలల్లో సగటున 0.43 తగ్గిందట. నాది ఒక్కడి లెక్కే గానీ, వాళ్ల దారిలోనే ఉంది. మాత్రలు మానేయమని కాదండోయ్.

మా బావమరిదిని కూడా రమ్మన్నాను. "పళ్లు ఊగుతాయి బావా" అంటున్నాడు, ఊగుతున్న పన్నుని నాలుకతో తోస్తూ.

అదలా ఉంచండి. ఇవాళ పొద్దున్న కింది పళ్ల వెనక ఏదో గరుగ్గా తగిలింది. మీరేనా అండీ?

ఇట్లు,
మీ పాత ఇంటి ఓనరు